కువైట్ వెళ్లని మా అత్త

మొన్న కాకినాడలో డాక్టరుగారి గది బయట ఎవరి సంచిలోంచో పనసకాయ జిగురు వాసన వచ్చేసరికి, పక్కన తలొంచుకు కూర్చున్న మా అమ్మాయి చెయ్యి పట్టుకునే నేను మామిడికుదురులో మా పెరట్లోకి వెళ్లిపోయాను.

ఎండలు ముదిరే రోజుల్లో చేతులకు కొబ్బరినూనె రాసుకుని, గోనెపట్టా మీద కూర్చుని మా మేనత్త పనసకాయ కొడుతుంటే కత్తి చప్పుడు వీధిలోకి వినిపించేది. పొట్టు సేమ్యాలంత సన్నగా రాలేది, అమ్మ ఆవ పెట్టి కూర చేస్తే పిల్లలం విస్తరి ఖాళీ చేసేదాకా లేచేవాళ్లం కాదు. పెళ్లయిన ఏడాదికి అత్తవారు పుట్టింట్లో దింపేసి పోయాక, గోడవతల ఎవరో తనను తిడుతున్నట్టు అత్తకు మాటలు వినిపించడం మొదలైంది. మాత్రలు వాడినన్నాళ్లూ కుదురుగానే ఉంది. కానీ మందుల షాపు మా వీధివాళ్లది. నలుగురికీ తెలిసిపోతుందని నాన్న మాత్రలు మాన్పించి, ఆవిడను పెరట్లో కొబ్బరికాయలు దాచే కొట్టుగదిలో ఉంచి, కువైట్ వెళ్లిందని చెప్పేశారు. మా వైపు ఆడవాళ్లు ఇంటిపనులకు అక్కడికి వెళ్లడం మామూలే, ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఓరోజు పెరట్లో అమ్మ పనసకాయతో అవస్థపడుతోంది. కొట్టు కిటికీలోంచి అత్త నన్ను పిలిచింది. "అలా కాదే బుజ్జీ, ఇలా తే, నేను కొట్టిపెడతాను."

ఆడుకోవడానికొచ్చిన నా స్నేహితురాలు అటు చూసి, "ఎవరే ఆవిడ?" అంది.

"మా పనావిడ," అన్నాను, తడుముకోకుండా.

అత్త నా వంకే చూసింది. "ఆయ్, పనిదాన్నేనమ్మా," అంది.

ఆ తర్వాత నన్ను బుజ్జీ అని పిలవలేదు. "అమ్మాయిగారూ" అనేది. మూడేళ్లకు ఆ కొట్టులోనే పోయింది.

మొన్న లోపల డాక్టరుగారు, మా అమ్మాయికి వినిపించే మాటల సంగతి విని, "మీ వైపు ఎవరికైనా ఇలా ఉండేదా అండీ?" అని అడిగితే, "లేదండీ," అన్నాను. పాత అలవాటు! ఆయన ఓపిగ్గా చెప్పారు: ఈ జబ్బు కొంత పుట్టుకలో ఉంటుందట, నిద్రలేమి, ఒంటరితనం, సూటిపోటి మాటలు తోడైతే బయటపడుతుందట, మాత్రలు మానకూడదట, ఇంట్లో ఆదరణా తగ్గకూడదట. మేం అత్తకు ఆ రెండూ లేకుండా చేశాం. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అప్పుడు మా అమ్మాయి మెల్లగా అడిగింది. "అయితే మనింట్లో నాకొక్కదానికేనా అమ్మా?"

"కాదమ్మా," అన్నాను. "డాక్టరుగారూ, ఇందాక అబద్ధం చెప్పానండీ. మా మేనత్తకుండేది."

"ఆవిడ పేరేంటమ్మా?" అంది అమ్మాయి.

ఆ కొట్టు పడగొట్టేశారు, పనసచెట్టూ లేదు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అని ఎన్నేళ్లయిందో.

"సత్యవతి," అన్నాను.