నిత్యదా చూసిన ఫోటో

చాందినీ మార్కెట్ సందులో కంప్యూటర్ భాగాలు అమ్మే నిత్యదా, అంటే అందరికీ నిత్య అన్న, కొత్త హార్డ్ డిస్క్‌ను పసిపాపలా రెండు చేతుల్లోకి తీసుకుంటాడు. కొనడానికి వచ్చినవాళ్లను కంప్యూటర్‌నే రిక్షాలో వేసుకొని తెమ్మంటాడు. మూత విప్పి, తీగలను వేళ్లతో తడిమి, డిస్క్ కూర్చునే అరను కొలిచాకే సరిపోతుందో లేదో చెబుతాడు. అవే అమ్మే ఎదురు కొట్టు పారమితకు ఫోన్‌లో కంప్యూటర్ లోపలి ఫోటో చాలు. ఆమె ముందు జనం మూగినప్పుడల్లా అతని మట్టి ముంతలో టీ చల్లారిపోతుంది, లోపలెక్కడో తడి కట్టె పొగలాంటిది లేస్తుంది.

నిన్న, ఇరవై ఏళ్లుగా తన దగ్గరికే వచ్చే భూదేవ్ మాస్టారు కూడా ఆమె దగ్గరే డిస్క్ కొన్నాడు. పోతూ పోతూ ఆ ఫోటో ఇతనికీ చూపించాడు. గ్రాఫిక్స్ కార్డు తోక అరకు అడ్డంగా ఉంది. నిత్యదా అది చూశాడు. "ఆవిడ చెప్పింది కదా మాస్టారూ, మళ్లీ నేనెందుకు," అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఈ ఉదయం మాస్టారు డిస్క్‌తో పారమిత కొట్టుకు తిరిగొచ్చాడు. "కార్డు అడ్డమొస్తోందమ్మా, లోపలికి పోవట్లేదు." పారమిత ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూడటానికే నిత్యదా పొద్దుటి నుంచి కుర్చీ ఇటు తిప్పుకొని కూర్చున్నాడు. "పోనీలే, చిన్న సైజుది ఇవ్వు," అన్నాడు మాస్టారు. "మా నిత్యదా నిన్న పనిలో ఉండి సరిగా చూడలేదు. చూసుంటే చెప్పకుండా ఉండే మనిషా?" పారమిత తలూపింది. "నిజమే. ఇక నుంచి ఏ ఫోటో అయినా మీకు చూపించాకే అమ్ముతాను నిత్యదా."

ఏళ్ల తరబడి అతను ఎదురుచూసిన మాట అది. ఇద్దరూ తన వైపే చూస్తుంటే నిత్యదాకు తలెత్తబుద్ధి కాలేదు.