నేను చెప్పని నంబరు

ఒప్పుకుంటున్నాను, నాది కడుపుమంటే. పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య కాగితాలు మోసే కోర్టు కానిస్టేబుల్‌గా సగం ఉద్యోగం బస్సుల్లోనే గడిపాను. అలాంటిది, స్టేషను, కోర్టు, సబ్ జైలు కంప్యూటర్లను కలిపే ప్లాను కోసం మదనపల్లెలో మీటింగు పెడితే, మా డీఎస్పీ సార్ తన పక్కన కుర్చీ వేయించింది ఎవరికి? కుప్పం నుంచి నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన కానిస్టేబుల్ అమ్మాయికి. కంప్యూటర్లు తెలుసని ప్లాను పనంతా ఆమెకే అప్పగించారు. నాకు గోడ పక్కన బెంచీ. టీ కూడా ఆమెకిచ్చాకే నాకిచ్చారు.

ఒకే ముద్దాయికి స్టేషన్లో ఒక నంబరు, కోర్టులో ఇంకొకటి, జైల్లో మరొకటి. పోనీ పేరు చూద్దామంటే, కురబలకోట వైపు ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్ళు ముగ్గురు నలుగురుంటారు. అందుకే మూడు నంబర్లూ పక్కపక్కన నా చేతి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఎవరూ రాయమని చెప్పలేదు.

ఆ అమ్మాయి బెంచీ దగ్గరికే వచ్చింది. "అన్నా, జైల్లో మనిషిని ఏ నంబరుతో సూస్తారు? నీకు తెలిసుంటాదని సార్ చెప్పినారు."

"నాకేం తెలుసమ్మా. సదువుకున్నోళ్ళు మీరుండారు కదా," అన్నాను. పుస్తకం జేబులోనే ఉంది. ప్లాను బోల్తా కొడితే చూసి సంతోషపడదామనుకున్నాను.

మొదటి వారమే, టమాటా మండీలో లోడింగు చేసే ఒకతనికి బెయిలొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆర్డరు కోర్టు నంబరుతో కంప్యూటర్లో జైలుకు చేరింది. జైల్లో అదే పేరు, అదే తండ్రి పేరుతో ఇద్దరున్నారు. బెయిలు ఎవరికి వచ్చిందో తేలక ఇద్దరిలో ఎవరినీ వదల్లేదు. అడుగుదామంటే రెండు రోజులు కోర్టు సెలవు.

సోమవారం పొద్దున వేరే పని మీద జైలుకు వెళితే, అతని భార్య చంకలో బిడ్డతో గేటు దగ్గర కూర్చుని ఉంది.

"రెండు దినాల నుంచి ఈడే ఉండానప్పా. బెయిలొచ్చిందంటారు, ఇడిసిపెట్టరు. యాలప్పా?"

లోపలికి వెళ్ళి పుస్తకం తీసి, ఆ కోర్టు నంబరు పక్కనే ఉన్న జైలు నంబరు చూపించాను. నిమిషంలో తేలిపోయింది. మధ్యాహ్నానికల్లా అతను బయటికొచ్చాడు.

ఆమె నా కాళ్ళకు దండం పెట్టింది. "మీరు లేకుంటే నా మొగుడు ఇంకా లోపలే ఉండునప్పా."

సార్ చేత చీవాట్లు తిని పరుగున వచ్చిన కుప్పం అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. "నిజమే అన్నా," అంటూ తనూ చేతులు జోడించింది.

అతను ఆ రెండు రోజులు లోపలున్నది నా వల్లేనని అక్కడే చెప్పేసి ఉండవచ్చు. ఆ కుప్పం అమ్మాయి ముందు చెప్పబుద్ధి కాలేదు. రెండు దండాలూ పుచ్చుకున్నాను. సిగ్గు లేకుండా సంతోషం కూడా వేసింది.