ఆల్టో దించి సోప్రానో ఎత్తిన సంగతి

పెళ్లి బ్యాండులో ఆల్టో సాక్సోఫోన్ ఊదేవాడి మెడ ఎట్లా ఉంటుందో చూడాలంటే నా మెడ చూడొచ్చు. పట్టీ ఒరుసుకుని వెనకాల నల్లగా కాయ కాసింది. వయసులో ఉన్నప్పటి నుంచి ఆ బరువును మెడకే వేలాడదీసుకుని కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. రెండు వేల పదిలో ఎడమ చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, మెడకు ఇక ఏ బరువూ కట్టొద్దన్నాడు.

మా బ్యాండు మాస్టరు మా అన్న కొడుకే. క్లారినెట్ ఊదుతాడు, ముందు నిలబడి పాట ఎత్తుకునేది అతనే. డాక్టరు మాట చెప్తే కొంచెం కూడా బాధపడలేదు.

"మంచిదే కాకా. ఇగ తాళాలు పట్టుకో. నిలబడి కొట్టుడే గద, దమ్ము గూడ అక్కర లేదు."

"నాకు దమ్ము లేదని నీకెవలు చెప్పిన్రు?"

"అరవై దగ్గరికొచ్చినవ్. ఇంకెన్నేండ్లు ఊదుతవ్?"

"నువ్వు ఆపేదాంక ఊదుత."

తాళాలు కొట్టేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. కానీ పాట నోటితో పలికించినవాణ్ణి, చప్పుడుతో సరిపెట్టుకోమంటే సరిపెట్టుకోను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, వయోజనుల బడిలో. అప్పుడు కూడా, ఈ వయసులో నీకెందుకు అన్నవాళ్లే అందరూ. ఇది ఆ అక్షరాలతోనే రాస్తున్నాను.

సాక్సోఫోన్లలో సోప్రానో అని చిన్నది ఒకటుంది. దాన్ని మెడకు కట్టకుండా రెండు చేతులతో ఎత్తి ఊదొచ్చు. కామారెడ్డి స్టేషన్ దగ్గర వాయిద్యాలు బాగు చేసే ఒకాయన పాతవి కొని అమ్మేవాడు. ఆయన దగ్గర రెండు సోప్రానోలు దొరికాయి. ఒకటి ఆల్టోకు పుట్టిన పిల్లలాగా వంపు తిరిగి ధగధగా మెరుస్తోంది. రెండోది కర్రలా నిటారుగా ఉంది, పూతంతా పోయింది.

"వంపుదే తీస్కో భాయ్. నీకు అలవాటైన రూపమే. ఫోటోలల్ల మంచిగొస్తది."

"ఫోటోకు కాదు భాయ్, ఊదనీకి."

మీటలన్నీ మూసి కిందిస్వరం మెల్లగా ఊదాను. మెరిసేది పలకలేదు. మీటల కింది తోలుమెత్తలు ఎక్కడో సరిగా మూసుకోక గాలి పోతోంది. "గట్టిగ ఊదు, వస్తది" అన్నాడాయన. గట్టిగా ఊదితే వచ్చింది. ఊరేగింపులో అంత గట్టిగా ఎంతసేపు ఊదుతాను? పూత పోయినది మాత్రం మెల్లగా అడిగినా పలికింది. పైగా దాని గొంతు నేరుగా ఎదుటివాళ్ల మీదికే పోతుంది. ఆల్టోను ఆయనకిచ్చి దాన్ని తెచ్చుకున్నాను.

ఇంట్లో మా ఆమె బీడీలు చుడుతూ విన్నది. "గదేం చప్పుడయ్యా, కోడిపిల్లను తొక్కినట్టున్నది" అన్నది. నిజమే. నోట్లో పెట్టుకునే ముక్కు చిన్నది, పెదవి కొంచెం సడలితే స్వరం జారిపోతుంది. బరువంతా కుడి బొటనవేలి మీదే పడి గోటి పక్కన వాచింది. అయినా మెల్లగా పాటలు దారికొచ్చాయి.

వచ్చాయనుకున్నాను. మా బ్యాండులో స్వరాల పేర్లు ఎవరూ నేర్పరు, వేళ్లే నేర్పుతారు. ప్రతి పాటకు క్లారినెట్ వేళ్లు వేరు, సాక్స్ వేళ్లు వేరు. ఇది కూడా సాక్సే కదా అని నేను ఆల్టో వేళ్లే వేశాను. ఒక్కణ్ణే ఊదుకుంటే పాట పాటలాగే వినబడింది. నాగిరెడ్డిపేటలో పెళ్లికొడుకును ఊరేగిస్తుంటే మాస్టరు పాట ఎత్తుకున్నాడు, నేనూ అందుకున్నాను. అవే వేళ్లకు సోప్రానో వేరే స్వరం పలుకుతుందని అక్కడ తెలిసింది. అతని పాట ఒక దారి, నా పాట ఒక దారి. పెళ్లికొడుకు మేనమామ చెవులు మూసుకుని, "రెండు పెండ్లిండ్లు చేస్తున్నరా ఏంది?" అన్నాడు. ఊరంతా నవ్వింది.

మాస్టరు నన్ను పక్కకు పిలిచాడు. పెళ్లివాళ్లకు మాటిచ్చినంత మందిని చూపించడానికి, ఊదడం రానివాళ్లకు కూడా బట్టలు వేయించి వాయిద్యం చేతికిచ్చి వెనక నిలబెట్టడం బ్యాండుల్లో ఉన్నదే.

"ఇగ నువ్వు వెనక వరుసల నిలబడు కాకా. ఊదినట్టు చెయ్యి. గాలి మాత్రం ఇడువకు."

తాళాలు ఇస్తానన్నప్పుడు నాకు ఇంత కోపం రాలేదు. తాళాలైనా మోగుతాయి.

ఇంటికొచ్చాను. మా అల్లుడి సెల్‌ఫోనులో మాస్టరు క్లారినెట్ రికార్డు చేయించుకుని, అది వింటూ ప్రతి పాటకు కొత్త వేళ్లు వెతుక్కున్నాను. పాత వేళ్లు ఊరికే పోవు, ఆదమరిస్తే అక్కడికే వెళ్లి కూర్చుంటాయి. నాది ఫోనులోని పాటతో కలవకపోతే మా ఆమె బీడీ ఆకు మీంచి తలెత్తకుండానే "కలువలే" అనేది. కలిస్తే ఏమీ అనేది కాదు. వానాకాలమంతా అట్లా గడిచింది. మధ్యలో వచ్చిన పెళ్లిళ్లలో వెనక నిలబడి ఊదినట్టే చేశాను. బుగ్గలు నొప్పి పుట్టేవి.

తర్వాత ఎల్లారెడ్డిలో పెళ్లి. ఎదురుకోళ్లకు మేము మగపెళ్లివారి వైపు, అవతల ఆడపెళ్లివారి బ్యాండు. రెండు బ్యాండులూ ఎదురుపడితే ఎవరి పాట తగ్గుతుందా అని జనం చూస్తారు. వాళ్లకు రెండు ట్రంపెట్లున్నాయి. మా మాస్టరు క్లారినెట్ వాటి కింద వినబడటం లేదు. నేను వెనక వరుసలోంచి నడిచి ముందుకొచ్చి, అతని పక్కన నిలబడి ఊదాను. కలిసింది. అతను ఒక్కసారి నా వేళ్ల వైపు చూశాడు. ఎదుటివాళ్ల ముందు ఆపలేడు గనుక ఊదుతూనే ఉన్నాడు. పానకం బిందెలు వచ్చేదాకా మా పాట తగ్గలేదు.

భోజనాల దగ్గర అడిగాడు, "నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్ కాకా?"

"నువ్వు చెప్పినవ్. నేను ఇనలే."

"గిట్లయితే బ్యాండెట్ల నడుస్తది?"

"నన్ను ఉత్తగ నిలబెడితే మాత్రం నడువది. వద్దంటే ఇప్పుడే చెప్పు, కామారెడ్డి బస్సుంది."

అతను అన్నం కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. తర్వాత, "అప్పగింతల పాటకు పైస్వరం అందుతదా నీకు?" అన్నాడు.

"నీకు అందుతదా?" అన్నాను.

పెళ్లికూతురు కారెక్కేటప్పుడు పైస్వరం నేనే అందుకున్నాను. అతను కిందిది ఊదాడు.