వెనక గది లేని తలుపు

శనివారం. పొద్దుటి నుంచి ముసురు. ఉలులు నూరుకుని మాదాపూర్‌లో ఒక కాఫీ షాపుకు వడ్రంగి పనికి వెళ్లాను. కలల్లాంటి సినిమాలు తీసిన ఒక దర్శకుడి పేరిట అక్కడ సాయంత్రం సభ. ఆయన్ని చూసే పాటలు కట్టామని, బొమ్మలు గీశామని, కవితలు రాశామని చెప్పేవాళ్లంతా వస్తారట. అందుకని, ఆయన సినిమాల్లో కలలోకి తెరుచుకునే తలుపులాంటిది ఒకటి వట్టి గోడకు బిగించమన్నారు.

అలవాటు ప్రకారం గడపతో సహా బిగించాను. టీ తాగి వచ్చేసరికి, అక్కడ ఊడ్చే యాదమ్మ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేసింది. ఓనరు కుర్రాడు తల పట్టుకున్నాడు.

“ఇది ఇల్లు కాదండీ, కల! గడప పీకేయండి. లేకపోతే మళ్లీ మీకు పని చెప్పను.”

“పసుపు వెట్టిన గడపను పీకుతరా సార్? కలలకు వోవాలన్నా గడప దాటాలె గద!” అంది యాదమ్మ.

నేను ఉలి సంచిలో పెట్టేశాను. పోతే పోయింది పని.

సామాను సర్దుకుంటుండగానే జనం వచ్చారు. ఒక కవిగారు గడప దగ్గర కూర్చుని ఫొటో దిగి, “అచ్చం ఆ దర్శకుడి ఊహే!” అన్నారు.

“మా ఐడియానేనండీ” అన్నాడు ఓనరు.

బయటికి వస్తుంటే వెంటపడి ఇంకో రెండు తలుపులు అడిగాడు. గడపలకు పసుపు కూడా నన్నే పూసి తెమ్మన్నాడు. భక్తితో పెట్టిన యాదమ్మ ముందు షోకు కోసం ఆ పని ఏ మొహంతో చెయ్యను? మీరైతే ఏం చేస్తారు?