సారుకు మోసుకెళ్ళిన చివరి వార్త

సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు యెమ్మిగనూరులో మా కాలేజీ పిల్లలకు ప్రయోగం చూపిస్తున్నాను. వాళ్ళను పంపేసి ఆదోని బస్సెక్కాను. దారి పొడవునా నన్ను తొలిచింది ఒకటే. పోయిన నెల నేను మోసుకెళ్ళిన వార్త ఆయన్ని బాధపెట్టిందా?

ఆయన నా పరిశోధనకు గైడు. మెగ్నీషియం, బోరాన్ కలిసిన ఓ నల్లటి పొడి మీద ఇద్దరం ఏళ్ళు గడిపాం. దాన్ని బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. అదే అతివాహకత. రెండు వజ్రాల మొనల మధ్య పెట్టి నొక్కితే ఆ గుణం ఏమవుతుందన్నది మా ప్రశ్న. నొక్కేకొద్దీ అది ఇంకా చల్లదనం అడిగేది. ఎన్నిసార్లు చేసినా గ్రాఫులో గీత కిందికే దిగేది.

"ఆదోనోళ్లం, పత్తి నొక్కి బేళ్లు కట్టేటోళ్లం. మనకు నొక్కేది ఒకరు నేర్పాల్నా?" అని సారు నవ్వేవారు. పొడి పెట్టేటప్పుడు మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. ఎగిరిపోతుందని ఎండాకాలంలోనూ ఫ్యాను ఆపించేవారు. కొలత అయిందని నేను లేవబోతే, "యాడికమ్మా? నొక్కేది ఎవరైనా నొక్కుతారు. ఇడిసేటప్పుడు గూడా సూడాల" అనేవారు. ఒత్తిడి కొంచెం కొంచెం సడలిస్తూ మళ్ళీ అన్నీ కొలిచేవాళ్ళం. నేను ఆకలితో విసుక్కుంటే ఏమీ అనకుండా తన ఉగ్గాని డబ్బా నా వైపు జరిపేవారు.

పోయిన నెల నేను చెప్పింది మాలిబ్డినం బోరైడు సంగతి. మామూలుగా ఈ గుణం లేని ఆ పదార్థాన్ని విపరీతంగా నొక్కితే అతివాహకత పుట్టిందని, ఒత్తిడితో పాటు గీత పైకి ఎక్కిందని ఆలస్యంగా చదివాను. పరుగున వెళ్ళి చెప్పాను. "అంటే, ఎక్కేది గూడా ఉండాదన్నమాట" అని కిటికీ వైపు తిరిగారు. ఎప్పుడూ గేటు దాకా వచ్చే మనిషి ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. జీవితమంతా దిగే గీత గీసిన మనిషికి ఎక్కే గీత చూపించి వచ్చానే అనిపించింది. మళ్ళీ, ఆయన అంత చిన్నబుచ్చుకునే మనిషా అనీ అనిపించింది. ఏదీ తేలలేదు.

నేను సారు ఇంటికి చేరేసరికి జనాజా ఖననానికి వెళ్ళిపోయింది. ఆయన భార్య ఎప్పుడో పోయారు. ఆడవాళ్ళ మధ్య నాకు తెలిసిన ముఖం లేదు. ఓ మూల కూర్చుంటే పక్కింటి పెద్దామె దగ్గరికి జరిగింది.

"యెమ్మిగనూరు పాపవి నువ్వేనా? ఆ పొద్దు నువ్వు పోయినంక సారు మా ఇంటికొచ్చినాడు. మోకాళ్ల నొప్పికి కుర్చీలో నుంచి లేయలేకుండె, అయినా గోడ పట్టుకొని వచ్చినాడు. ఏందో లోహమంట, నొక్కితేనే దానికి పానమొచ్చిందంట. ఛాయ్ సల్లారిపోయినా సెప్తానే ఉన్నాడు."

"బాధపడ్డారా?"

"బాధ ఎందుకమ్మా? పెండ్లి పిలుపు మాదిరి ఇల్లిల్లూ తిరిగినాడు. పాలాయన్ని గూడా ఇడిసిపెట్టలే. మాకేం తెలుస్తాది, ఊ కొట్టినాం." మళ్ళీ తనే అడిగింది. "అయినా, నొక్కితే పానం యాడి నుంచి వస్తాది?"

రెండు చూపుడువేళ్ళ కొసలు ఆనించి చెప్పడం మొదలుపెట్టాను. ఒత్తిడికి లోపలి పరమాణువుల అమరిక మారుతుందన్నాను. ఆ తర్వాతది నాకూ సరిగా తెలియదు. తెలియనిది పట్టుకుని వెళ్ళడానికి నాకు ఇంక ఏ ఇల్లూ లేదు. ఆనించిన వేళ్ళు కొంచెం కొంచెం సడలించాను. ఆమె మాత్రం నా వేళ్ళ మధ్యకే చూస్తూ ఉంది.