కారం ప్యాకెట్ మీద ఎవరి బొమ్మ?

2024 మార్చి. మిరప కోతలు ముగింపుకొచ్చి, గుంటూరులో ఆటోవాళ్ళు కూడా తుమ్ముకుంటూ తిరిగే రోజులు. బ్రాడీపేటలో ఒక మందుల షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుంటాను. నా దగ్గరికి కాన్వెంటు పిల్లలు రారు. పెళ్ళయ్యాకో, వ్యాపారం పెరిగాకో ఇంగ్లీషుతో అవసరం పడ్డవాళ్ళు వస్తారు. నేనూ పంచాయతీ బడిలో చదువుకున్నదాన్నే. నోరు తెరిస్తే ఇంగ్లీషు జారిపడేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే. పాతికేళ్ళు పాఠం చెప్పినా అది పోలేదు, పోతుందన్న ఆశ కూడా లేదు.

ఆ నెలలో ప్రత్తిపాడు నుంచి ఇద్దరు తోడికోడళ్ళు వచ్చారు. పెద్దామె రమణమ్మ, నలభై దాటింది, పదో తరగతితో చదువు ఆపేసింది. చిన్నామె శిరీష, డిగ్రీ చదివింది, ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఐదేళ్ళయింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇద్దరూ కలిసి కారం ఆడించి ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. బెంగళూరులో షాపులున్న ఒకావిడ వీళ్ళ కారం రుచి చూసి, సరుకు తీసుకుంటానంది. అయితే ప్యాకెట్ మీద తయారుచేసినామె ఫోటో ఉండాలట, అదీ ఒక్కరిదే. తను వచ్చి షెడ్డు చూస్తుందట. సరుకు గురించి ఇంగ్లీషులో ఎవరు చక్కగా చెబితే వాళ్ళ ఫోటోనే వేస్తుందట.

“మరి మీలో ఎవరు చెబుతారు?” అని అడిగాను.

“నేనండీ” అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ తర్వాత క్లాసు అయ్యేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సరుకు గురించి చెప్పాలంటే ఇంగ్లీషులో ముందుగా నేర్చుకోవలసినవి జంట మాటలు. పని అయిపోయిందని చెప్పేది పార్టిసిపుల్: డ్రైడ్ అంటే ఎండబెట్టిన, సార్టెడ్ అంటే ఏరిన. ఆ పని ఎలా జరిగిందో చెప్పేది యాడ్వర్బ్. రెండూ కలిస్తే కేర్‌ఫుల్లీ సార్టెడ్, జాగ్రత్తగా ఏరినవి. ఇదేమీ కొత్త విద్య కాదు. పెళ్ళి సంబంధాల దగ్గర వెల్ సెటిల్డ్ అంటాం. టు-లెట్ బోర్డు మీద ఫుల్లీ ఫర్నిష్డ్ అని రాస్తాం. గ్రామర్ పుస్తకం ముట్టనివాళ్ళు కూడా న్యూలీ మ్యారీడ్ అంటారు. చిక్కల్లా ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందన్నదే. క్వాలిఫైడ్ పక్కన హైలీ కుదురుతుంది, సెటిల్డ్ పక్కన కుదరదు. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు, జనం అలా అంటారు, అంతే. కాబట్టి నేను ఈ జంటల్ని రూలు చెప్పి నేర్పను. విడదీయకుండా పదేపదే అనిపిస్తాను.

శిరీష ఒకసారి వింటే చాలు, పట్టేసేది. ఫ్రెష్లీ గ్రౌండ్ అంటే అప్పుడే ఆడించినది. అది ఆమె నోట్లోంచి నీళ్ళలా జారేది. రమణమ్మ మాత్రం “నైస్‌లీ గ్రైండెడ్” అనేది. గ్రైండెడ్ అనకూడదు, గ్రౌండ్ అనాలని దిద్దితే, “గ్రౌండంటే బంతాట ఆడేది గదండీ” అని నాతోనే వాదించేది. శిరీష కిసుక్కున నవ్వేది. రమణమ్మ చెవులు ఎర్రబడేవి. నాకు మాత్రం రమణమ్మ మీదే మనసు మొగ్గేది. నా ఈడుది, నాలాగే కిందా మీదా పడి నేర్చుకుంటోంది. శిరీష “గ్రౌండ్” అన్న ప్రతిసారీ రమణమ్మకి ఎంత మండిందో నాకూ అంతే మండింది, ఎందుకంటే అంత అందంగా ఆ మాట నేనూ పలకలేను.

ఒకరోజు శిరీష రాలేదు. రమణమ్మ బెంచీ మీద చతికిలబడింది.

“మేడం గారూ, నాకొక సంగతి చెప్పండి. కేర్‌ఫుల్లీ సార్టెడ్ అని అది చెప్పుద్ది. ఏరేది నేను. నడుం పడిపోయేదాకా కూర్చుని తెల్లబడ్డ తాలు కాయ ఒక్కటి లేకుండా ఏరేది నేను. ఆ మాటలో నేనెక్కడున్నానండీ?”

“ఆ మాటలో ఎవరూ ఉండరమ్మా. పని మాత్రమే ఉంటుంది.”

“అందుకే గదా, ఎవరు చెప్తే వాళ్ళదై కూర్చుంటది!” అని కొంగుతో మొహం తుడుచుకుంది. “మా అత్తగారు పోయినాక ఆ షెడ్డు మొదలెట్టింది నేను. ఇప్పుడు దాని బొమ్మ అట్టా ప్యాకెట్ మీద నవ్వుతా ఉంటే నేను రోజూ దాన్ని అంటించాలా?”

ఆమె చేత ఆ జంటల్ని ఇంకాసేపు అనిపించాను.

శిరీషది పూర్తిగా పొగరు అనుకునేదాన్ని. మరో రోజు రమణమ్మ బస్సు కోసం ముందే దిగిపోతే, శిరీష వెనక్కి తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మేడం, మీకు అక్కంటే ఇష్టమని నాకు తెలుసు.”

“అదేం లేదమ్మా” అన్నాను. ఆమె నమ్మలేదు.

“మా ఇంట్లో అందరికీ అక్కే కావాలండీ. నేను కూర వండితే మా ఆయన ఒక్క ముద్ద తిని, ఇది వదిన చెయ్యి కాదే అంటాడు. కారం పాళ్ళు నాకు చెప్పదు. షెడ్డులో నన్ను ఏరనివ్వదు, ప్యాకెట్లు అంటించమంటది. నాకున్నది ఈ నాలుగు ఇంగ్లీషు ముక్కలే. ఇప్పుడు అవి కూడా నేర్చుకుంటానని వచ్చి కూర్చుంది. ఎట్టాగండీ మరి?”

బెంగళూరు ఆవిడ రావాల్సిన రోజు వచ్చింది. నన్నూ రమ్మన్నారు, వెళ్ళాను. షెడ్డు ముందు పట్టాల మీద కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. బెంగళూరు ఆవిడ వెంట కెమెరా పట్టుకుని ఒకతను వచ్చాడు. ఇద్దరికీ తెలుగు రాదు. శిరీష చీరాల నేత చీర కట్టుకుని, జుట్టు వదిలి పూలు పెట్టుకుంది. రమణమ్మ మామూలు చీరలోనే ఉంది. ముందు శిరీష చెప్పింది. కేర్‌ఫుల్లీ సార్టెడ్, నేచురల్లీ డ్రైడ్, ఫ్రెష్లీ గ్రౌండ్. ఒక్కచోట తడబడలేదు. ఆవిడ మొహం విప్పారింది. రమణమ్మ పని అయిపోయిందని నాకు తెలిసిపోయింది.

“ఏరేటప్పుడు ఫోటో తీద్దాం, కూర్చోండి” అంది ఆవిడ ఇంగ్లీషులోనే. శిరీష వెళ్ళి కాయల ముందు కూర్చుంది.

మా వైపు మిరపకాయలు ఏరడానికి కూర్చునే ఆడవాళ్ళు ముందు చేతులకి కొబ్బరినూనె పట్టిస్తారు, మంట ఎక్కకుండా. తలకి గుడ్డ కట్టుకుంటారు, జుట్టు సర్దుకోవడానికని చెయ్యి మొహం మీదికి పోకుండా. రమణమ్మ నూనె గిన్నె పట్టుకునే నిలబడి ఉంది. శిరీష వట్టి చేతులతో కాయల్లో చేయి పెట్టింది. రమణమ్మ అటు చూసింది. గిన్నె తీసి గూట్లో పెట్టేసింది.

శిరీష తొడిమలు తుంచుతూ నవ్వుతోంది. అతను ఫోటోలు తీస్తున్నాడు. గాలికి జుట్టు మొహం మీద పడింది. చేత్తో పక్కకి తోసుకుంది, కళ్ళు కూడా తుడుచుకుంది. మరుక్షణం కెవ్వున అరిచింది.

ముందు పరుగెత్తింది రమణమ్మే. “కళ్ళు నలపమాకే, నలపమాకు!” అంటూ బిందె దగ్గరికి లాక్కుపోయి, శిరీష తల ఒంచి, నీళ్ళు పోస్తూనే ఉంది. చాలాసేపటికి మంట తగ్గింది గానీ కళ్ళు వాచిపోయాయి. ఇక ఫోటోకి పనికిరాదు. ఆవిడ కాసేపు చూసి రమణమ్మని కూర్చోమంది. రమణమ్మ తలకి గుడ్డ చుట్టుకుని, నూనె రాసుకుని కూర్చుంది. ఒక్కో కాయా ఏరుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. గ్రౌండ్ అని సరిగ్గానే అంది.

పది రోజుల తర్వాత ప్యాకెట్ నమూనా ఫోనులో వచ్చింది. దాని మీది ఇంగ్లీషు ఒకసారి చూసిపెట్టమని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. తలగుడ్డతో రమణమ్మ బొమ్మ. కింద ఇంగ్లీషులో శిరీష చెప్పిన జంటలే, ఒక్క అక్షరం మార్చకుండా. తప్పుల్లేవన్నాను. శిరీష ఆ బొమ్మ వంక చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

“బాగుందక్కా” అంది చివరికి, నోరు రానట్టు.

రమణమ్మ ఫోను లాక్కుని బోర్లించి పెట్టింది. “ఒసేయ్ శిరీషా. ఆ రోజు నువ్వు నూనె రాసుకోలేదని నేను చూశానే. గిన్నె నా చేతిలోనే ఉంది. కావాలనే చెప్పలా.”

ఇప్పుడు ఇల్లు రెండు ముక్కలవుతుందనుకున్నాను.

శిరీష తల ఎత్తలేదు. “తెలుసక్కా. నువ్వు గిన్నె గూట్లో పెట్టడం నేనూ చూశాను. మర్చిపోయానే అనుకున్నా. కానీ నిన్ను అడగబుద్ధి కాలా. నీ చోట్లో నేనున్నా చెప్పేదాన్ని కాదులే.”

రమణమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. “నాకు తెలీదా?” అంది. తర్వాత ఇద్దరూ బస్సు టైము గురించి మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కుళ్ళు ఉన్నచోట అబద్ధం కూడా ఉండి తీరుతుందని అంతకుముందు అనుకునేదాన్ని. ఉండక్కర్లేదని ఆ ఇద్దరి వల్ల తెలిసింది. ఇన్నేళ్ళలో నేను ఎంతమందిని చూసి కుళ్ళుకున్నానో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కరి ఎదుట కూర్చుని ఆ మాట పైకి అన్నది లేదు. ఒకవేళ అన్నా, ‘నాకు తెలుసులే’ అనేవాళ్ళూ లేరు. కిటికీలోంచి చూస్తే వాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద, ఇంకా ఏదో తగాదా పడుతూనే, బస్టాండు వైపు నడుస్తున్నారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా కుళ్ళుకుంటూ చూశాను.