ఎరువు తెచ్చుకున్న ఓణీ

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గల్లీలో, ఓ మేడమెట్ల కింద ఇరుక్కున్న కొట్టు భూలక్ష్మిది. కొట్టంటే ఏముంది, ఒక మిషను, ఒక స్టూలు, గోడకో అద్దం. చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది. చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు ఏడాదికోసారి రంగు మార్చినా ఆమె మిషను మాత్రం మారలేదు. పొద్దున్నే బోరబండ నుంచి మొగుడు రాజనర్సయ్య ఆటోలో తెచ్చి దింపుతాడు, పొద్దుగూకాక వచ్చి తీసుకుపోతాడు.

ఆమెకో పట్టింపు ఉండేది. రోజంతా ఊరందరి పట్టుచీరలు ఒళ్లో ఉన్నా, ఒక్క కొంగు తన భుజాన వేసుకుని చూసుకున్న పాపాన పోలేదు. ఎరువు సొమ్ము బరువు చేటు అనేది. కూతురు అనుపమకు ఈ మాటంటే ఒళ్లుమంట. క్లాసు అయిపోగానే కొట్టుకు వచ్చి, తల్లి అటు తిరిగితే చాలు, ఎవరిదో కంచిపట్టు భుజాన వేసుకుని అద్దం ముందు ఫోటో దిగేది.

"అమ్మా, జర చూడవే, ఎట్లున్న?"

"మస్తుగున్నవ్ గని, తీసి మడతపెట్టు. మందిది."

మందిది, పరాయిది అని వినీ వినీ విసిగిపోయి పిల్ల ఫోన్లో ఆటకు మరిగింది. ఆట పేరు స్టైల్ రాణి. అందులో మనకో బొమ్మ ఉంటుంది. దానికి మన పేరే పెట్టుకుని, మన పోలికలే దిద్దుకోవాలి. రోజుకో పోటీ. ఇవాళ పెళ్లి విందు, రేపు సముద్రపు ఒడ్డు. బొమ్మను ముస్తాబు చేసి నిలబెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు మార్కులుగా చుక్కలు వేస్తారు. చుక్కలకు వజ్రాలు, వజ్రాలకు బట్టలు. ఆ వజ్రాలు ఎంతకీ చాలవు, ఆట పెట్టినవాడు అమాయకుడేం కాదు. చాలకపోతే ఆటలో స్నేహితులను ఎరువు అడగొచ్చు. ఎరువడిగితే ఎవరూ తప్పుపట్టని లోకం ఒకటి దొరికేసరికి అనుపమ అక్కడే కాపురం పెట్టేసింది.

మొన్నటి వానాకాలంలో స్నేహితురాలి స్కూటీ వెనక కూర్చుని పోతూ, పంజాగుట్ట చౌరస్తా దగ్గర లారీ కింద పడి అనుపమ చనిపోయింది. చార్జింగ్ అయిపోయిందని తల్లి మిషను పక్కన పెట్టి వెళ్లిన ఫోను మిగిలింది.

ఆసుపత్రి వాళ్లు పిల్లను తెల్లబట్టలో చుట్టి, తాళ్లతో కట్టి ఇచ్చారు. విప్పొద్దమ్మా, చూడలేవు అన్నారు. పెళ్లికాని పిల్ల పోతే స్నానం పోసి, పసుపు రాసి, గాజులు తొడిగి, కొత్త చీర కట్టి సాగనంపాలి. భూలక్ష్మి ఆ కొత్త చీరను మూట మీద పరిచింది, అంతే. పెద్దదినం నాడు పిల్ల బట్టలన్నీ చాకలి లచ్చమ్మకు ఇచ్చేశారు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంటే వాళ్లు గడప వదలరని పెద్దల మాట. ఒక్క చున్నీ అయినా దాచుకోవాల్సింది, వదలకపోతే వదలకపోనీ అని భూలక్ష్మి తర్వాత ఎంత ఏడ్చిందో ఆ మిషనుకే తెలుసు.

ఫోనుకు మాత్రం ఎందుకో రోజూ చార్జింగ్ పెట్టేది. ఒక మధ్యాహ్నం ఆ ఫోను సొరుగులోంచి పిలిచింది.

"అనూ! ఏంటే, ఎక్కడ చచ్చావ్? నా ఓణీ ఇవ్వవా?"

భూలక్ష్మి మిషను ఆపేసింది. సూది కింద ఆగిన గుడ్డ ఆగినట్టే ఉంది. ఆటలో స్నేహితులు గొంతుతో పిలుపు పంపుకోవచ్చని ఆమెకేం తెలుసు. కూతురు గీస్తుండగా చూసిన గుర్తు గీసి ఫోను తెరిచింది. ఎదురుగా అనుపమ నిలబడి ఉంది. అవే కళ్లు, అదే చిన్న నల్లబొట్టు, ఒంటిమీద చిలకపచ్చ ఓణీ. ముట్టుకోకుండా కాసేపు ఉంచితే ఆ బొమ్మ మెడ పక్కకు తిప్పి, ఎవరో పిలిచినట్టు చూసి, భుజం మీది ఓణీ సర్దుకుంటోంది. భూలక్ష్మి కూడా అటు తిరిగి చూసింది. అటు అద్దం తప్ప ఏమీ లేదు.

ఫోనులో పాత పిలుపులు వింటే తెలిసింది, పిలిచిన పిల్ల పేరు మానస. ఎక్కడో కాకినాడ దగ్గర ఉంటుందట, అనుపమను ఎన్నడూ చూడలేదు, పోయిందనీ తెలియదు. ఓణీ ఆమెది. ఆటలో లెక్క ఒకటే: బొమ్మకు సొంత బట్ట కడితే ఎరువు బట్ట దానంతటదే సొంతదారుకు చేరుతుంది, లేకపోతే చేరదు. పండగ పోటీకి ఆ ఓణీ కావాలని మానస గోల.

కట్టడానికి ఏముందో చూద్దామని భూలక్ష్మి బొమ్మ బీరువా తెరిచింది. బూడిదరంగు లోచొక్కా, ఒక జత చెప్పులు, అంతే. ఇన్నాళ్లూ పిల్ల కట్టిందల్లా మందిదే. ఓణీ తీసే మీట నొక్కబోతే, తీశాక ఎలా ఉంటుందో ఆట ముందే చూపించింది: బొమ్మ ఆ లోచొక్కాతో వెలవెలబోతూ ఉంది. భూలక్ష్మి గబుక్కున కొంగుతో ఫోను కప్పేసి, నొక్కకుండానే వెనక్కి వచ్చింది.

"పిల్లనే పొయ్యింది, గా బొమ్మతోని నీకేం పనే? ఫోన్ అమ్మేద్దాం," అన్నాడు రాజనర్సయ్య ఆటోలో.

"దాని ఒంటిమీద మందిది ఉన్నదయ్యా. ఇచ్చెయ్యాలె."

"ఇచ్చెయ్ మరి."

"ఇచ్చేస్తే, అది తనంత తాను కట్టుకున్న ఆఖరి బట్ట పోతది."



బొమ్మకు సొంత బట్ట కొనాలంటే వజ్రాలు కావాలి, వజ్రాలకు పోటీలు ఆడాలి. చిన్న పోటీలకు బట్టలు ఆటే ఇచ్చి, అయిపోగానే లాక్కుంటుంది, బొమ్మ మళ్లీ ఓణీలోకి వస్తుంది. భూలక్ష్మి మొదలుపెట్టింది. సముద్రపు ఒడ్డు పోటీకి బొమ్మకు నిండుచేతుల జాకెట్టు తొడిగి చీర కట్టింది. ఎవరో 'నానమ్మ వచ్చింది' అని రాసి ఒక్క చుక్క వేశారు. ఇంకో పోటీలో నాలుగు వజ్రాలు వస్తే, తర్వాతి పోటీలోకి రానివ్వడానికే వాటిని మింగేశారు. మధ్యమధ్య ప్రకటనలొకటి. "థూ, మీ ఆట పాడుగాను," అని ఫోను సొరుగులో పడేసేది. బేరం పోగానే మళ్లీ తీసేది. చుక్క ఒక్కటి ఎక్కువ పడినా చిన్నపిల్లలా సంబరపడేది. పిల్ల తిండి మానేసి ఇందులో ఎందుకు మునిగేదో ఇప్పుడు తెలిసింది.

ఈలోగా మానస గొంతు మారింది. "అందరికీ చెప్పేస్తా చూడు. ఎరువు తీసుకుని ఎగ్గొట్టావ్. దొంగమొహందానా!"

చచ్చిపోయిన పిల్లకు దొంగ అన్న పేరు. భూలక్ష్మి ఆ రోజు మిషను తొక్కలేదు.

మర్నాడు పోటీ పేరు 'వానాకాలం కాలేజీ'. భూలక్ష్మి ఆలోచించనేలేదు. పసుపు కుర్తా, నీలం జీన్సు, వదిలేసిన జుట్టు, భుజానికి సంచి. పోయిన రోజు పొద్దున అనుపమ కొట్టులోంచి వెళ్లింది ఇలాగే. చేతిలో గొడుగు కూడా పెట్టింది. ఆ రోజు పిల్ల గొడుగు మరిచిపోయింది, స్కూటీ ఎక్కింది వాన తప్పించుకుందామనే. చుక్కలు జలజలా రాలాయి. మానస కోపం కూడా మరిచి పిలిచింది: "ఇదీ! ఇదీ మా అనూ అంటే!"

భూలక్ష్మి ఏడుస్తూనే గెలిచిన వజ్రాలతో, గాజులూ పూలతో సహా ఎర్రంచు పసుపుచీర కొన్నది. జరీ లేదు, తళుకులు లేవు. ఎవరిదీ కాదు, పిల్ల సొంతం.

చేతులు కడుక్కుంది. మిషను మీద పడి ఉన్న చీరలన్నీ పక్కన పెట్టింది. ముందు గాజులు తొడిగింది, రెండు చేతులకూ నిండుగా. నల్లబొట్టు తీసి ఎర్రబొట్టు పెట్టింది. జడ వేసి పూలు తురిమింది. ఇవన్నీ ఆ రోజు ఆ తెల్లమూట ముందు నిలబడి చెయ్యలేకపోయిన పనులు. చివరికి చీర. వేలు మీట మీద పెట్టి, "బిడ్డా, గది మందిది, ఇచ్చేద్దాం," అంది పైకే.

ఓణీ వెళ్లిపోయింది. పసుపుచీరలో అనుపమ నిలబడి, ఎప్పటిలాగే మెడ పక్కకు తిప్పి చూసి, భుజం మీది కొంగు సర్దుకుంది.

కాసేపటికే పిలుపు వచ్చింది. "వచ్చేసిందే నా ఓణీ! సారీ అనూ, ఏదేదో అనేశాను. అవునూ, ఈ చీర భలే ఉందే. నీ టేస్టు కాదిది. ఎవరు కట్టారే?"

గొంతుతో జవాబు పంపితే అది అనుపమ గొంతు కాదని తెలిసిపోతుంది. భూలక్ష్మి కళ్లు తుడుచుకుని, అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని, కూతురి పేరు కింద రాసింది.

"మా అమ్మ."